కెరటాల ఇంటి ఆడపడుచు

సముద్రం అంటే మన ఆడవాళ్ళకి ఏమిటి? కార్తీకమాసంలో బాపట్ల దాటి సూర్యలంక వెళ్ళడం, కొంగు నడుముకి బిగించి, ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని మోకాటిలోతు నీళ్ళలో మూడు మునకలు వెయ్యడం, పసుపూ కుంకుమా నీళ్ళలో వదిలి దణ్ణం పెట్టుకోవడం. అంతే. పిల్లలు ఇంకో నాలుగడుగులు లోపలికి వేస్తే చాలు, ఒడ్డున ఉన్నవాళ్ళ గుండెలు జారిపోతాయి.

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. మా అంగలకుదురు సముద్రానికి కాస్త ఎడంగానే ఉన్నా, రేపల్లె వైపు, నిజాంపట్నం వైపు చుట్టాలున్న ఇళ్ళలో ఆ రోజు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. సముద్రాన్ని తల్లి అంటూనే, ఆ తల్లికి కోపం వస్తే ఏమవుతుందో మనకి తెలుసు. అందుకే దూరంనుంచే దణ్ణం పెడతాం.

అదే 1977లో, పసిఫిక్ మహాసముద్రం మధ్యనున్న హవాయి దీవుల్లో ఒక చిన్న ఊరు సముద్రంతో పండుగ చేసుకోవడం మొదలుపెట్టింది. ఆ ఊరి పేరు మకాహా. పొడవాటి పలకల మీద నిలబడి కెరటాల మీద స్వారీ చేసే పండుగ అది. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ కెరటాల మీదే పెరిగి, చివరికి ఆ నీళ్ళలోనే కలిసిపోయిన ఒక ఆడపిల్ల కథ ఇది. ఆమె పేరు రెల్ సన్. సర్ఫింగ్ తెలిసినవాళ్ళకి ఆమె మకాహా మహారాణి. ఆమె పోయి పాతికేళ్ళు దాటింది. అయినా ఆమె కథ మన ఇళ్ళల్లో చెప్పుకోవలసిన కథ అని నాకు ఎందుకు అనిపించిందో, చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

పొడుగు పలక, పొట్టి పలక

సర్ఫింగ్ మీరు టీవీలో చూసే ఉంటారు. పలక మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ లోపలికి వెళతారు. పెద్ద కెరటం వెనకనుంచి లేస్తుండగా దానికి ముందుగా పలకని ఉరికించి, చటుక్కున లేచి నిలబడతారు. ఆ తర్వాత కెరటమే మోసుకొస్తుంది. మన పల్లెకారులు తెప్ప మీద నిలబడి, అలలు ఎగరేస్తున్నా తొణక్కుండా ఒడ్డుకి రావడం చూసినవాళ్ళకి ఇదేమీ వింతగా అనిపించదు. వాళ్ళది బతుకుతెరువు, వీళ్ళది ఆట. అంతే తేడా.

ఈ పలకల్లో తొమ్మిది అడుగులూ అంతకు మించీ ఉండేదాన్ని లాంగ్‌బోర్డ్ అంటారు. మన ఇంటి తలుపుకంటే పొడుగన్నమాట. పొట్టి పలక మీద గిరగిరా తిరగొచ్చు, గాల్లోకి ఎగరొచ్చు. పొడుగు పలక అలా కాదు. నిదానంగా, హుందాగా సాగుతుంది. నేర్పు ఉన్నవాళ్ళు కెరటం మీద పోతూ పోతూనే ఆ పలక మీద ఒక అడుగు ముందు ఒక అడుగు వేసి నడుచుకుంటూ కొసదాకా వెళ్ళి, కాలివేళ్ళు అంచున ఆనించి నిలబడతారు. చూడ్డానికి నాట్యంలా ఉంటుంది.

హవాయిలో ఈ ఆట కొన్ని వందల ఏళ్ళనాటిది. రాజులే కాదు, మామూలు జనమూ ఆడేవారు. మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళూ ఆడేవారు. అలలు బాగున్న రోజున ఇంటిపని ఆపి అందరూ నీళ్ళలో దిగేవారట. 1820లో క్రైస్తవ మిషనరీలు వచ్చారు. ఆడా మగా కలిసి, ఒంటిమీద సరిగా బట్టలు లేకుండా నీళ్ళలో ఆడటం వాళ్ళకి నచ్చలేదు. అంతకంటే పెద్ద దెబ్బ, బయటివాళ్ళ ఓడలతోపాటు వచ్చిన జబ్బులు. మశూచి, తట్టు వంటి రోగాలకి జనం పిట్టల్లా రాలిపోయారు. మనుషులే లేకపోతే ఆట ఎక్కడుంటుంది?

ఆ చీకటి కాలంలో కూడా పలక వదలని ఆడపిల్ల ఒకతె ఉంది. హవాయి యువరాణి కైయులాని. 1875లో పుట్టింది. 1893లో వాళ్ళ రాజ్యాన్ని కూలదోశారు, 1898లో ఆ దీవుల్ని అమెరికా కలిపేసుకుంది. మరుసటి ఏడాదే, ఇరవై మూడేళ్ళకే ఆమె కన్నుమూసింది. ఆమె వాడిన పలక హొనొలులులోని బిషప్ మ్యూజియంలో భద్రంగా ఉంది. తర్వాత డ్యూక్ కహనమోకు వచ్చాడు. 1912, 1920 ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకాలు తెచ్చి, ఊరూరా తిరిగి సర్ఫింగ్‌ని ప్రపంచానికి చూపించాడు. అలా ఆరిపోబోయిన దీపం మళ్ళీ వెలిగింది.

పేరులోనే సముద్రం

రెల్ సన్ 1950 జులై 31న మకాహాలో పుట్టింది. ఒవాహు దీవికి పడమటి ఒడ్డున, వయనై తీరంలో ఉంటుంది ఆ ఊరు. హొనొలులులోని పెద్ద హోటళ్ళూ టూరిస్టుల తాకిడీ అక్కడ కనపడవు. వాన తక్కువ, డబ్బు తక్కువ, సొంత హవాయి జనం ఎక్కువ. ఇంట్లో ఐదుగురు పిల్లలు. ఆమెకి హవాయి భాషలో పెట్టిన పేరు కపోలియోకఎహుకై. మన నోరు తిరగదు గానీ, దాని అర్థం కడలి గుండె అని. పేరుకి తగ్గట్టే నాలుగేళ్ళకే పలక ఎక్కింది.

ఆమెకి నాలుగేళ్ళు నిండిన 1954లోనే మకాహాలో అంతర్జాతీయ సర్ఫింగ్ పోటీలు మొదలయ్యాయి. ప్రపంచంలో పేరున్న వాళ్ళందరూ ఈ పేద ఊరికి వచ్చేవారు. ఒడ్డున ఇసకలో కూర్చుని ఆ ఆట చూస్తూ పెరిగిందామె. టీనేజీలోకి వచ్చేసరికి తనే పోటీల్లో దిగింది. ఆడపిల్లలు బొత్తిగా తక్కువ కాబట్టి, చాలాచోట్ల మగపిల్లలతోనే తలపడేది.

సర్ఫింగ్ ఒక్కటే అనుకునేరు. ఈటెతో చేపలు కొట్టడానికి ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుదాకా వెళ్ళేది. జూడోలో బ్లాక్‌బెల్ట్ తెచ్చుకుంది. హులా నాట్యం నేర్చుకుంది. రేడియోలో పాటల కార్యక్రమం నడిపింది. పెళ్ళయింది, కూతురు పుట్టింది, కాపురం నిలవలేదు. బిడ్డని పెంచుకుంటూనే ఇవన్నీ చేసింది. 1970లలో మకాహా ఒడ్డున లైఫ్‌గార్డ్ ఉద్యోగం చేసింది. మునిగిపోయేవాళ్ళని రక్షించే ఆ ఉద్యోగంలో చేరిన మొదటి మహిళ, మొత్తం హవాయిలో, ఆమే.

అప్పట్లో ఆడవాళ్ళకి విడిగా సర్ఫింగ్ పోటీలు ఉండటమే గగనం. ఉన్నా, అలలు బాగా లేని వేళ చూసి, మగవాళ్ళ పోటీల మధ్యలో ఇరికించేవారు. బహుమతి డబ్బు నామమాత్రం. రెల్, జెరికో పాప్లర్ వంటి తోటి క్రీడాకారిణులు కలిసి 1970లలో ఆడవాళ్ళకంటూ సంఘాలు పెట్టుకున్నారు, వృత్తిగా ఆడగలిగేలా పోటీలు ఏర్పాటు చేసుకున్నారు. ఆ విత్తనం చెట్టయి కాయ కాయడానికి నలభై ఏళ్ళు పట్టింది. ప్రపంచ సర్ఫింగ్ లీగ్ ఆడా మగా ఇద్దరికీ సమాన బహుమతి ఇవ్వడం 2019లో గానీ మొదలుకాలేదు. అది చూడ్డానికి రెల్ లేదు.

పాత పలకలకి పండుగ

ఈలోగా ఆటే మారిపోయింది. 1967, 68 ప్రాంతాల్లో పొట్టి పలకలొచ్చాయి. కుర్రకారంతా వాటివెంట పడ్డారు. తొమ్మిది, పది అడుగుల పలకలు పాతకాలపు రుబ్బురోలులా మూల పడ్డాయి. మకాహా అంతర్జాతీయ పోటీలు కూడా 1971తో ఆగిపోయాయి. ఊరికి ఉన్న ఒక్క సందడీ పోయింది.

మకాహా ఒడ్డున లైఫ్‌గార్డుగా పనిచేసిన బఫెలో కియావులానా అనే పెద్దాయనకి ఇది నచ్చలేదు. మన తాతలు ఆడింది పొడుగు పలకల మీదే కదా, దాన్ని పోనివ్వకూడదు అనుకున్నాడు. 1977లో తన పేరు మీదే బఫెలో బిగ్‌బోర్డ్ సర్ఫింగ్ క్లాసిక్ మొదలుపెట్టాడు. ఇది బయటివాళ్ళ పోటీ కాదు, ఊరివాళ్ళ పండుగ. లాంగ్‌బోర్డ్ మీద ఆడేవాళ్ళు కొందరు, పొడవాటి దోనెల్లో కెరటాలెక్కేవాళ్ళు కొందరు. ఒడ్డంతా గుడారాలు, వంటలు, పాటలు, హులా. ముసలివాళ్ళు, పిల్లతల్లులు, చంటిపిల్లలు అందరూ అక్కడే. మన ఊరి తిరునాళ్ళని సముద్రపొడ్డున ఊహించుకోండి, సరిపోతుంది. ఆయన కొడుకు రస్టీ పెద్దవాడై 1993 నుంచి 1995 వరకు వరసగా మూడేళ్ళు లాంగ్‌బోర్డ్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. మూలపడ్డ ఆట మళ్ళీ ప్రపంచం మీదికి ఎలా వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెల్ మనిషి ఆ పొడుగు పలకకే పుట్టినట్టుండేది. ఆమె కెరటం మీద బలం చూపించేది కాదు. హులా నేర్చిన పాదాలు కదా, పలక మీద నడుస్తుంటే కెరటంతో కలిసి నాట్యం చేస్తున్నట్టే ఉండేదని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంతకు ఒక ఏడాది ముందే, 1976లో, ఆమె ఇంకో పండుగ మొదలుపెట్టింది. అది పిల్లల కోసం. హవాయి కథల్లో మెనెహునె అనే పొట్టి మనుషులుంటారు. ఎవరూ చూడకుండా రాత్రికి రాత్రే పెద్దపెద్ద పనులు చేసేస్తారట. వాళ్ళ పేరే ఆ పోటీకి పెట్టింది. పన్నెండేళ్ళలోపు పిల్లలు ఎవరైనా రావచ్చు. ఆ తీరంలో పేదరికం ఉంది, తాగుడు ఉంది, చెడు తిరుగుళ్ళు ఉన్నాయి. పిల్లల్ని వాటికి దూరంగా ఉంచాలంటే వద్దు వద్దు అంటే సరిపోదు, వాళ్ళ మనసు లాగేదొకటి చేతికివ్వాలి అని ఆమెకి తెలుసు. ఏడాది పొడుగునా తెలిసినవాళ్ళందరినీ అడిగి బహుమతులు పోగుచేసేది. గెలిచినా ఓడినా ఏ బిడ్డా వట్టి చేతులతో ఇంటికి వెళ్ళకూడదు. అదీ ఆమె పద్ధతి. ఊరి పిల్లలందరికీ ఆమె ఆంటీ రెల్. అక్కడివాళ్ళు ఆంటీ అంటే మనం పిన్నీ అన్నట్టే, చుట్టరికంతో పనిలేదు.

ఆ పిల్లల్ని మకాహాతో వదిలెయ్యలేదు. ఫ్రాన్సులో బియారిట్జ్ అనే సముద్రతీర పట్నం ఉంది. 1957లో ఒక సినిమా పనిమీద అక్కడికి వచ్చిన రచయిత పీటర్ వియర్టెల్ వల్ల ఆ ఊరికి సర్ఫింగ్ అలవాటైంది. 1993లో ఆ ఊళ్ళో లాంగ్‌బోర్డ్ ఉత్సవం మొదలైంది. రెల్ మకాహా పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ ఉత్సవానికి తీసుకెళ్ళింది. దీవి దాటి ఎరగని పిల్లలు విమానమెక్కి, తమ తాతల ఆటని ఫ్రెంచివాళ్ళకి చూపించి వచ్చారు. అప్పటికే ఆమె ఒంట్లో జబ్బు ఉంది.

చేతికి తగిలిన గడ్డ

ముప్ఫై రెండేళ్ళ వయసు. పోటీల్లో ముందు వరసలో ఉన్న కాలం. సిగరెట్టూ మందూ కాదు, రోజూ ఈత, నాజూకైన శరీరం, ఉక్కులాంటి ఊపిరితిత్తులు. అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. క్యాన్సర్ అన్నారు.

ఆపరేషన్ అయింది. మందులు ఎక్కించారు, కరెంటు పెట్టించారు, తర్వాత ఎముక మజ్జ మార్పిడి కూడా చేశారు. జుట్టు ఊడింది. తగ్గిందనుకుంటే మళ్ళీ తిరగబెట్టేది. అయినా ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్ళు బతికింది. బతకడమంటే మంచం మీద కాదు. ఓపిక ఉన్న రోజున పలక పట్టుకుని నీళ్ళలో ఉండేది. మెనెహునె పండుగ ఏ ఏడూ ఆపలేదు.

నాకు మాత్రం ఆమె చేసిన పనులన్నిట్లోకీ గొప్పదిగా అనిపించేది వేరే ఉంది. వయనై తీరంలో హవాయి ఆడవాళ్ళు రొమ్ము క్యాన్సర్‌తో ఎక్కువగా చనిపోయేవారు. జబ్బు రావడం ఒకటే కారణం కాదు, ఆలస్యంగా బయటపడటం ఇంకో కారణం. సిగ్గు, భయం, డబ్బు లేకపోవడం, ఇంటిల్లిపాదికీ చేసి తన సంగతి చివరికి పెట్టుకోవడం. వినడానికి మన ఊరి సంగతిలాగే లేదూ? 1990లలో అక్కడ ఒక క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఊరి ఆడవాళ్ళ కోసం అవగాహన కార్యక్రమం పెట్టింది. రెల్ అందులో సలహాలు చెప్పే పనిలో చేరింది. డాక్టరు చెబితే తలూపి ఊరుకునేవాళ్ళు, తమతోపాటు ఇసకలో పెరిగిన ఆంటీ రెల్ తన ఒంటి గురించి తనే దాపరికం లేకుండా మాట్లాడుతుంటే వినక ఏం చేస్తారు? ఊరిని ఒక్కచోట చేర్చడం ఆమెకి పండుగలు నేర్పిన విద్య. ఆ విద్యనే ఇక్కడా వాడింది.

ఈ మాట రాస్తుంటే నాకు మా పిన్ని ఒకావిడ గుర్తొస్తోంది. గడ్డ ఉందని తెలిసీ ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. కూతురి పెళ్ళి కుదిరింది, ఇప్పుడీ మాట బయటికొస్తే సంబంధం చెడిపోతుందని భయం. నొప్పి లేదు కదా, ఏం కాదులే అని ధైర్యం. పెళ్ళి ఘనంగా చేసింది. మనవణ్ణి ఎత్తుకునే అదృష్టం మాత్రం దక్కలేదు. ఆమెకి చదువు లేక కాదు. ఆ మాట ఎవరితో అనాలో తెలియక.

అందుకని నాలుగు ముక్కలు సూటిగా చెబుతాను. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కానీ ఏది అవునో ఏది కాదో మనం ఇంట్లో కూర్చుని తేల్చలేం. క్యాన్సర్ గడ్డకి మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు, కాబట్టి నొప్పి లేకపోవడం ధైర్యానికి కారణం కాదు. చర్మం సొట్ట పడినా, చనుమొన లోపలికి పోయినా, దాన్నుంచి నెత్తురు కారినా, చంకలో బిళ్ళ తగిలినా ఆలస్యం చెయ్యకూడదు. నెలసరి అయిపోయిన కొద్ది రోజులకి స్నానం చేసేటప్పుడు తడిమి చూసుకుంటే, మన ఒంటి తీరు మనకి తెలిసివుంటుంది, మార్పు వస్తే పసిగట్టగలం. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చెయ్యాలని జాతీయ కార్యక్రమంలోనే ఉంది. ఇది అడిగి చేయించుకోవలసిన హక్కు, సిగ్గుపడాల్సిన పని కాదు. మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. 2022 అంచనా ప్రకారం ఒక్క ఏడాదిలో లక్షా తొంభై వేలమందికి పైగా కొత్తగా దీని బారిన పడ్డారు.

మన తెలుగువాళ్ళకీ ఇలాంటి గుర్తు ఒకటి ఉంది. ఎన్టీ రామారావుగారి భార్య బసవతారకంగారు 1985లో క్యాన్సర్‌తోనే పోయారు. ఆవిడ పేరు మీద హైదరాబాదులో కట్టిన ఆసుపత్రి 2000లో తెరిచారు. ఆసుపత్రి ఉంది, వైద్యం ఉంది. అక్కడిదాకా సకాలంలో నడిపించే మాటే మన ఇళ్ళల్లో కరువు.

నీళ్ళలో వీడ్కోలు

1998 జనవరి 2న, మకాహాలోని తన ఇంట్లోనే రెల్ కన్నుమూసింది. నలభై ఏడేళ్ళు. ఆ నెలలోనే ఆమె అస్థికల్ని మకాహా సముద్రంలో కలిపారు. మనం గోదావరిలోనో కృష్ణలోనో కలిపినట్టే. ఆ రోజు ఆ ఒడ్డు వేలమందితో నిండిపోయింది. దోనెల మీద, పలకల మీద జనం లోపలికి వెళ్ళి, పూలు వదిలి వచ్చారు. ఆమె చేతుల్లో ఈత నేర్చుకున్న పిల్లలు అప్పటికి తల్లులూ తండ్రులూ అయ్యారు.

ఆమె జీవితం మీద తీసిన హార్ట్ ఆఫ్ ద సీ అనే డాక్యుమెంటరీ 2002లో వచ్చింది. మెనెహునె పోటీని ఆమె తర్వాత ఇంటివాళ్ళూ స్నేహితులూ కలిసి నడిపించారు. సర్ఫింగ్ టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, మొదటిసారి ఆడారు. ఆడవాళ్ళ విభాగంలో మొదటి బంగారు పతకం గెలిచింది కారిస్సా మూర్. ఆమెదీ ఒవాహు దీవే.

మన దేశానికీ ఈ ఆట వచ్చింది. కర్ణాటక తీరంలో ఇషితా మాలవీయ అనే అమ్మాయి 2007 నుంచి సర్ఫింగ్ చేస్తూ, పల్లెకారుల పిల్లలకి నేర్పుతోంది. చెన్నై దగ్గర కోవళంలో చేపలు పట్టే కుటుంబాల కుర్రాళ్ళే ఇప్పుడు నేర్పే గురువులు. రేపు మన తీరంలోనూ ఏ ఆడపిల్లో పలక ఎక్కితే, చీవాట్లు పెట్టే ముందు ఒక్క క్షణం రెల్‌ని తలుచుకోండి. ఈత నేర్పండి, జాగ్రత్త చెప్పండి, తోడు పంపండి. అంతేగానీ, నీకెందుకే అనకండి.

రెల్ సన్ మనకి సర్ఫింగ్ నేర్పలేకపోవచ్చు. పదిమంది చేరినచోట పనికొచ్చే మాట ఎత్తడం నేర్పగలదు. మనకి సముద్రపు పండుగలు లేకపోతేనేం? వరలక్ష్మీ వ్రతాలున్నాయి, అట్లతద్దులున్నాయి, సీమంతాలున్నాయి, డ్వాక్రా మీటింగులున్నాయి. చీరలూ నగలూ కోడళ్ళూ అన్నీ మాట్లాడుకుంటాం. ఈసారి పేరంటానికి వెళ్ళినప్పుడు తాంబూలం అందుకుంటూ, పక్కన కూర్చున్న వదినగారిని మెల్లిగా అడగండి, ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా అని. ఆవిడ కాసేపు మొహమాటపడవచ్చు. ఆ తర్వాత, మీరు అడిగినందుకే, ఎన్నాళ్ళనుంచో దాచుకున్న మాట చెప్పవచ్చు.